దస్తీ

ఇవాళ ఎంఏ వాళ్ళకి షేక్‌స్పియర్ నాటకం ఒథెల్లో. కాజీపేట నుంచి హన్మకొండ చౌరస్తా దాకా షేర్ ఆటోలో పక్కనామె కూరగాయల సంచి నా మోకాళ్ళ మీదికి ఒరిగిపోతే, దాని మీదే పుస్తకం ఆనించి మూడో అంకం ఇంకోసారి తిరగేశాను.

క్లాసులో ‘చేతిరుమాలు’ అన్నానో లేదో, వెనక బెంచీ నుంచి "దస్తీ అనండి మేడం" అన్నారు. అందరం నవ్వుకున్నాం. నిజమే, మా నాన్న మెడ చుట్టూ ఎప్పుడూ ఉండేది దస్తీయే. ఒథెల్లోది పట్టు దస్తీ, స్ట్రాబెర్రీలు కుట్టింది, తల్లి ఇచ్చింది. దాన్ని పెళ్ళాం డెస్డిమోనాకి ఇచ్చాడు. ఆ దస్తీని అడ్డం పెట్టుకునే, ఆమెకి కాసియోతో సంబంధం ఉందని ఇయాగో అతని చెవిలో ఊదుతాడు.

చిక్కంతా జెలసీ దగ్గర వచ్చింది. ఒకబ్బాయి అసూయ అన్నాడు. కిటికీ పక్కనున్న అమ్మాయి అనుమానం అంది. మనకి మొగుడికుంటే అనుమానం, పెళ్ళానికుంటే కుళ్ళు. అనుమానం పెనుభూతమన్నారు కాబట్టి దానికి భయపడతాం. కుళ్ళుకి నవ్వుతాం. పారిజాతం రుక్మిణికి ఇచ్చాడని అలిగిన సత్యభామ, కాళ్ళ మీద పడ్డ కృష్ణుడి తలని ఎడమ కాలితో తోసేసిందని నంది తిమ్మన రాస్తే, ఇప్పటికీ మురిసిపోతూనే ఉన్నాం. (నాకూ ఇష్టమే ఆ పద్యం.)

ఒథెల్లోలో కూడా ఆ దస్తీని చూసి రగిలిపోయింది అతనొక్కడే కాదు. ఈ కుట్టుపనిలాంటిదే ఇంకోటి కుట్టిపెట్టమని, తన గదిలో దొరికిన ఆ దస్తీని కాసియో తన ప్రియురాలు బియాంకాకి ఇస్తాడు. ఇది ఇంకెవతి ఇచ్చిందో అని ఆమెకి ఒళ్ళు మండుతుంది. నేను కుట్టను పొమ్మని నాలుగో అంకంలో తెచ్చి తిరిగిచ్చేస్తుంది. ఇచ్చేసి, రాత్రి భోజనానికి వస్తే రా, రాకపోతే నీ ఇష్టం అంటుంది. అదే దస్తీ చూసి ఒకడు పెళ్ళాన్ని ఊపిరాడకుండా చేసి చంపాడు, ఒకామె అన్నానికి పిలిచింది. ఇన్నేళ్ళుగా ఈ పాఠం చెబుతూ బియాంకాని రెండు ముక్కల్లో దాటేస్తూ వచ్చాను. సిగ్గేసింది.

మధ్యాహ్నం బ్రిటిష్ కవయిత్రి కరోల్ ఆన్ డఫీ కవిత ‘మెడూసా’. గ్రీకు కథల్లో చూపుతోనే రాయిగా మార్చేసే పాముల జుట్టామె. 1999లో వచ్చిన ‘ది వరల్డ్స్ వైఫ్’లోది. ఇక్కడ చెవిలో ఊదే ఇయాగో లేడు. అనుమానం ఆమె తలలోనే పుట్టి, జుట్టంతా పాములవుతుంది. తేనెటీగని చూస్తే గులకరాయి, పిట్టని చూస్తే కంకర. నువ్వెలాగూ మోసం చేసి వెళ్ళిపోతావు, రాయివైపోతేనే నాకు నయం అంటుంది తను ప్రేమించినవాడితో. స్త్రీవాద కవిత కదా, ఆమెని వెనకేసుకొస్తూ నోట్సు రాసిపెట్టుకుని వెళ్ళాను. ఇందాకటి కిటికీ పక్క అమ్మాయే, "ఒథెల్లో కూడ గిట్లనే అంటడు గద మేడం, బతికుంటే ఇంకొంతమందిని మోసం చేస్తదని" అంది. నోట్సు మూసేశాను. తేడా లేదని కాదు. మెడూసా దగ్గరికి అతను నిజంగానే నాలుకని కత్తి చేసుకుని, తన అమ్మాయిలతో వచ్చాడు. డెస్డిమోనా ఏం చేసిందని? కానీ ఆ మాట చెప్పేలోపే ఆ అమ్మాయి ఫోన్ మోగింది.

వీడియో కాల్. కట్ చేస్తే మళ్ళీ మోగింది. నా వైపు చూసి, లేచి నిలబడి, ఫోన్‌ని మెల్లగా గది చుట్టూ తిప్పింది. బోర్డు, నేను, ముందు బెంచీలు, వెనక అబ్బాయిలు. "క్లాసుల్నే ఉన్న" అంది. పెట్టేసి కూర్చుంది. పొద్దున దస్తీకి నవ్విన క్లాసులో ఒక్కరూ నవ్వలేదు. నేనూ ఏం అనలేదు, తర్వాతి చరణం చదివాను.

గంట కొట్టాక టేబుల్ దగ్గరికొచ్చింది.

"మేడం, బియాంకా లాస్టుకు చచ్చిపోతదా?"

"లేదు. బతుకుతుంది."

"పరీక్షల అడుగుతరా ఆమె గురించి?"

ఎప్పుడూ అడగలేదన్నాను. అయినా నిలబడే రాసుకుంది.