ఒకే కార్డు మీద రెండు జబ్బులు

మా నాన్నగారికి క్షయ అని తేలిన రోజునే వేలికొన నుంచి రక్తపు చుక్క తీసి షుగర్ కూడా చూశారు. క్షయ ఉన్నవారికి మధుమేహ పరీక్ష, మధుమేహం ఉన్నవారికి క్షయ లక్షణాల వాకబు జరగాలని 2017లో కేంద్రం తెచ్చిన ఉమ్మడి విధానం మా ఇంటికి చేరింది అలాగే. అంతకుముందు ఒక ఆసుపత్రిలో దగ్గుకు ఒక గది, షుగరుకు ఇంకో గది అంటూ నెలన్నర తిరిగాము. ఆ రెండు చీటీలను పక్కపక్కన పెట్టి చూసినవారు లేరు. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ కొన్ని షుగర్ మాత్రల పనితనాన్ని తగ్గిస్తుందని, అదుపు తప్పిన షుగర్ తిరిగి క్షయ చికిత్సనే దెబ్బతీస్తుందని తెలిశాక, ఆ నెలన్నర తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

ఈసారి వైద్యాధికారి షుగర్ మందు మోతాదు మార్చి, ఆ మార్పును క్షయ చికిత్స కార్డు మీదే రాశారు. ఆశా కార్యకర్త వచ్చినప్పుడల్లా గడపలోనే కూర్చుని ఆ కార్డు చదివి, ఖాళీ అయిన మాత్రల అట్టలు లెక్కపెట్టి, ఉదయం షుగర్ ఎంత ఉందో అడిగేవారు. క్షయ రోగుల పోషకాహారానికి ప్రభుత్వం డబ్బు ఇచ్చే నిక్షయ్ పోషణ్ యోజన కింద అందే నెలకు 1,000 రూపాయలు నాన్నగారి గుడ్లకు, పప్పుకు సరిపోయేవి. ఆరు నెలల క్షయ మందులు గత వారం ముగిశాయి. షుగర్ మందులు ఆగకుండా అందేందుకు అదే రోజున షుగర్, బీపీ వంటి అంటువ్యాధులు కాని జబ్బులను చూసే ఎన్‌సీడీ క్లినిక్‌కు రాసి పంపారు.