విస్కాన్సిన్ శుక్రవారం: ఫిష్ ఫ్రై

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో కొత్తగా ఉద్యోగంలో చేరారా? ఆఫీసువాళ్ళు శుక్రవారం సాయంత్రం ఫిష్ ఫ్రైకి, అంటే వేయించిన చేపల విందుకి పిలిస్తే తప్పకుండా వెళ్ళండి. మీటింగుల్లో పొడిపొడిగా మాట్లాడేవాళ్ళు కూడా అక్కడ పిల్లల గురించి, ఊరి గురించి చెబుతారు.

శుక్రవారం మాంసం మాని చేప తినే జర్మన్, పోలిష్ క్యాథలిక్కుల అలవాటిది. 1920లో మద్యనిషేధం వచ్చాక ఎన్నో బార్లు చేపల భోజనంతోనే నెట్టుకొచ్చాయి. అప్పట్లో చేపంటే మిషిగన్ సరస్సు పెర్చ్. అది బాగా తగ్గిపోయింది. ఇప్పుడు పళ్ళెంలో ఎక్కువగా కనిపించేది సముద్రపు కాడ్. పెర్చ్ ఉందంటే మాత్రం ధర చూడకండి, అదే అడగండి. పక్కన రై బ్రెడ్, కోల్‌స్లా (క్యాబేజీ సలాడ్), ఆలుగడ్డ అట్లు, వాటికి యాపిల్ సాస్ ఉంటాయి.

ఈస్టర్‌కు ముందు వచ్చే లెంట్ ఉపవాస వారాల్లో చర్చి బేస్‌మెంట్లలో వాలంటీర్లే వండి వడ్డిస్తారు. వంటింట్లో చెయ్యి వేస్తే పరిచయాలు ఇంకా త్వరగా కలుస్తాయి. మనిషికి పావుకిలో లెక్కన నూరుమందికి పాతిక కిలోల చేప కావాలి. గడ్డకట్టిన చేపను ముందురోజే ఫ్రిజ్‌లో కరగనిచ్చి, తడి పూర్తిగా అద్ది తీసెయ్యాలి. తడి ఉంటే పూత ఊడిపోతుంది, నూనె చిమ్ముతుంది. ముందు పొడి మైదాలో దొర్లించి, తర్వాత పిండిలో ముంచాలి. కప్పు మైదాకు చెంచా బేకింగ్ పౌడర్, చెంచా ఉప్పు, సుమారు కప్పు చల్లటి బీరు వేసి మిరపకాయ బజ్జీల పిండిలా జారుగా కలపాలి. ఉండలున్నా ఫర్వాలేదు, ఎక్కువ కలిపితే పూత సాగుతుంది.

నూనె 375 ఫారెన్‌హీట్ దగ్గర ఉండాలి. తొందరపడి వేయించే తీగల బుట్ట నింపితే వేడి పడిపోయి చేప నూనె పీలుస్తుంది. ముక్కను బుట్టలో పడేస్తే పిండి తీగలకు అంటుకుపోతుంది. బుట్ట ముందే నూనెలో ఉంచి, ముక్కను కొస పట్టుకుని సగం ముంచి, పూత బిగుసుకున్నాక వదలాలి. నాలుగైదు నిమిషాలకు ముక్క తేలి, బుడగలు తగ్గుతాయి. లోపల 145 ఫారెన్‌హీట్ వచ్చిందో లేదో థర్మామీటర్‌తో చూడాలి. తీసినవి జాలీ మీద విడివిడిగా పెట్టాలి. మూతపెడితే ఆవిరికి మెత్తబడతాయి. రాలిన పిండి పలుకులు ఎప్పటికప్పుడు తీసెయ్యాలి, మాడితే నూనె మొత్తం చేదెక్కుతుంది.

శాకాహారులు ఫ్రైస్ చెప్పేముందు ఒక మాట అడగాలి. చాలాచోట్ల చేప వేగిన నూనెలోనే అవీ వేయిస్తారు. ఆలుగడ్డ అట్లలో మామూలుగా గుడ్డు పడుతుంది.