సంత్ర మార్మలేడ్: తొక్క మెత్తబడ్డాకే చక్కెర

మార్మలేడ్ అంటే తొక్క పోగులతో సహా వండే నారింజ జామ్. ఇంగ్లిష్ వంటల పుస్తకాలు దానికి చెప్పేది సెవిల్ నారింజ. దళసరి తొక్క, బోలెడు గింజలు, చేదు. వరంగల్‌లో బండ్ల మీద మనకు దొరికేది నాగపూర్ సంత్ర. దీని తొక్క పలుచన, తెల్లపొర నామమాత్రం. ఆ పుస్తకాల కొలతలతోనే సంత్రను వండితే రెండు రోజులైనా గట్టిపడలేదు, పాకంలా జారింది. జామ్‌ను గట్టిపరిచే పెక్టిన్ రసంలో పెద్దగా ఉండదు, తెల్లపొరలో, గింజల్లో ఉంటుంది. సంత్రలో అది చాలదు కాబట్టి బత్తాయి నుంచి, నిమ్మ నుంచి తెచ్చుకోవాలి.

నేను చేసేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో, మృగ్ బహార్ కాయ, అంటే వానలు మొదలయ్యాక పూసిన కాపు, వచ్చినప్పుడు. తొక్క ఉబ్బి, లోపల తొనలు కదిలే కాయ వద్దు. బాగా మాగిన పండులో పెక్టిన్ అప్పటికే తగ్గిపోయి ఉంటుంది. చేతిలో బరువుగా ఉండాలి.

సంత్రలు కిలో, బత్తాయిలు రెండు, నిమ్మకాయలు ఆరు, నీళ్లు లీటరున్నర. ఇంతకు మించి ఒక్కసారి చేయను. ఎక్కువ పోస్తే నీరు ఇగరడానికి గంట పడుతుంది, ఆ పులుపులో అంతసేపు మరిగితే పెక్టిన్ విరిగిపోతుంది, రంగూ నల్లబడుతుంది.

కాయల్ని వేడినీళ్లలో రుద్ది కడగాలి. సంత్ర తొక్కలో సగమే వాడతాను, మొత్తం వేస్తే నూనె ఘాటు నాలుకను పట్టేస్తుంది. ఆ సగాన్ని సన్నని పోగుల్లా తరిగి, ఐదు నిమిషాలు ఉడికించి ఆ నీళ్లు పారబోస్తాను. బత్తాయి పైపచ్చ కూడా సన్నగా తరగాలి. దాని లోపలి దళసరి తెల్లపొర, నిమ్మ గింజలు, బత్తాయి గింజలు, తొనల పొరలు అన్నీ పలుచని నూలుగుడ్డలో వదులుగా మూటకట్టాలి. బిగించి కడితే లోపలికి నీళ్లు పోవు. రసాలు, మూడు నిమ్మకాయల పులుసు, తొక్క పోగులు, మూట, నీళ్లు అన్నీ స్టీలు గంజులో వేసి రాత్రంతా నానబెట్టాలి. అల్యూమినియం గంజు పనికిరాదు, పులుపు దాన్ని తింటుంది.

తెల్లారి సన్నటి మంట మీద గంట, గంటంపావు ఉడికించాలి. ఒక పోగు తీసి రెండు వేళ్ల మధ్య నొక్కితే గుజ్జైపోవాలి. కొంచెం పలుకున్నా ఆగాల్సిందే. చక్కెర పడ్డాక తొక్క ఇక మెత్తబడదు, ఉన్నది బిరుసెక్కుతుంది. ఒకసారి తొందరపడి ముందే చక్కెర పోస్తే పోగులు తోలు ముక్కల్లా మిగిలాయి. తర్వాత ఎంత ఉడికించినా లాభం లేకపోయింది.

మూట చల్లారాక గట్టిగా పిండాలి. చివర్లో జిగటగా, పలుచని గంజిలా దిగేదే అసలు సరుకు. అది సరిపోయిందో లేదో చూడటానికి ఒక చెంచా రసం చల్లార్చి, మూడు చెంచాల సర్జికల్ స్పిరిట్‌లో (మందుల షాపులో దొరికే ఆల్కహాల్) వేసి మెల్లగా తిప్పుతాను. నిమిషంలో ఒకే ముద్దలా పేరుకుంటే పెక్టిన్ ఉన్నట్టు. తునకలుగా విడిపోతే ఇంకో పావుగంట మరిగించి నీళ్లు ఇగర్చాలి. ఆ చెంచాడు నోట్లో పెట్టుకోకూడదు, పారబోయాలి.

ఇప్పుడు తూకం. ఖాళీ గంజు బరువు ముందే రాసి పెట్టుకుంటే పని తేలిక. లోపలిది కిలో ఉంటే చక్కెర 800 గ్రాములు. మిగిలిన మూడు నిమ్మకాయల పులుసు కూడా పోసి, చక్కెర పూర్తిగా కరిగేదాకా మంట తగ్గించి, కరిగాక పెంచాలి. నురగ గంజు సగం ఎత్తుకు లేస్తుంది, అందుకే వెడల్పు గంజు కావాలి. ఇరవై నిమిషాల్లో బుడగలు చిన్నవై, బరువుగా టపటపమంటాయి.

అరిసెల పాకం చూసే అలవాటున్నవాళ్లు ఇక్కడే మోసపోతారు. తీగ సాగేదాకా ఉంచితే చల్లారాక రాయే. థర్మామీటర్ ఉంటే 104 డిగ్రీలు. పుస్తకాల్లో 105 అని ఉంటుంది, కానీ వరంగల్ సముద్ర మట్టానికి దాదాపు 270 మీటర్ల ఎత్తు, ఇక్కడ నీళ్లే 99 దగ్గర మరుగుతాయి. లేకపోతే ఫ్రీజర్‌లో పెట్టిన స్టీలు పళ్లెం మీద ఒక చుక్క వేసి, నిమిషం ఆగి వేలితో నెట్టాలి. పైన ముడతలు పడితే అయింది. చూసేటప్పుడు మంట ఆర్పేయాలి, ఆ నిమిషంలోనే ముదురుతుంది.

దించి పది నిమిషాలు ఆగి, ఒకసారి కలిపి నింపాలి. వెంటనే పోస్తే తొక్కంతా పైకి తేలుతుంది. సీసాలు పది నిమిషాలు మరిగించి, తడి పూర్తిగా ఆరి, ఇంకా వేడిగా ఉండాలి. చల్లని సీసా పగులుతుంది, తడి సీసాలో బూజు పడుతుంది. 300 గ్రాముల సీసాలు ఐదు వస్తాయి.

రెండు వారాల తర్వాత పైన నీరు ఊరితే పులుపు ఎక్కువైనట్టు, చక్కెర పలుకులు కడితే పులుపు తక్కువైనట్టు లేదా ఎక్కువ మరిగినట్టు. మూత తీసిన సీసా ఫ్రిజ్‌లోనే ఉండాలి. మిగతావి చీకటి అల్మారాలో ఉంచి, ఏప్రిల్ రాగానే వాటినీ ఫ్రిజ్‌లోకి మార్చేస్తాను. మన ఎండలకు అది కరగదు గానీ, రంగు ముదిరి తొక్క వాసన పోతుంది.