పాదం చివర జారే శ్రుతి

గత డిసెంబరులో, రాజోలు దగ్గర మా ఊరి చర్చిలో క్రిస్మస్ పాటలు సాధన చేస్తుండగా మూడో చరణం మధ్యలో కరెంటు పోయింది. కోనసీమలో అది వింత కాదు కనుక ఎవరూ ఆగలేదు. కీబోర్డు మూగబోయినా పద్దెనిమిది మందీ చీకట్లోనే పాటను లాక్కొచ్చారు. సరిగ్గా ఆఖరి పల్లవి ఎత్తుకున్నప్పుడు దీపాలు వెలిగాయి. కీబోర్డు వాయించే కుర్రవాడు ఉత్సాహంగా మేము మొదలుపెట్టిన రెండు శ్రుతి మీద చేయి వేశాడు, కానీ అప్పటికి మేము దాదాపు ఒకటిన్నర శ్రుతికి, అంటే అర స్వరం కిందికి, దిగిపోయి ఉన్నాము. ఆ రెండూ ఒరుసుకున్న చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. కీబోర్డు శ్రుతిని మార్చే ట్రాన్స్‌పోజ్ మీట వాడని పాట కావడం వల్ల నేరం యంత్రం మీదికి నెట్టే వీలు కూడా లేకపోయింది.

శ్రుతి తప్పితే "చెవి పెట్టి వినండమ్మా" అనడమే ఇన్నేళ్లూ నాకు తెలిసిన మందు. ఆ రాత్రి తరువాత మొదటిసారి పాటను ఫోనులో రికార్డు చేసుకుని, శ్రుతిని సూదితో చూపే ట్యూనర్ యాప్ ముందు పెట్టి, ఒక్కొక్క పాదాన్నీ విడిగా విన్నాను. జారుడు పాటంతటా సమంగా లేదు. పాదం ఎత్తుగడలో సూది నిలకడగా ఉంది; చివరి అక్షరం దగ్గర దిగుతోంది; తరువాతి పాదం ఆ దిగిన చోటి నుంచే మొదలవుతోంది. ఒక్కో పాదానికి పోయేది చాలా కొద్ది, నాలుగు చరణాలు తిరిగేసరికి అది అర స్వరం.

మన కీర్తనల్లో పాదాలు ఎక్కువగా ‘ము’, ‘ను’, ‘లు’, ‘డు’ అక్షరాలతో ముగుస్తాయి. అందులోనూ ‘ము’ అసలైన దొంగ. మకారానికి పెదవులు పూర్తిగా మూసుకుంటాయి, వెంటనే వచ్చే ఉకారానికి అవి సగమే తెరుచుకుంటాయి, అప్పటికే ఊపిరి అడుగంటి ఉంటుంది; గొంతు కింద గాలి ఒత్తిడి తగ్గితే స్వరం దిగక తప్పదు. దీనికి తోడు, మాట్లాడేటప్పుడు వాక్యం చివర గొంతు దించడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. చెవి లోపమని నేను ఇంతకాలం కోప్పడినది నిజానికి నోటి లోపం.

అందువల్ల ఇప్పుడు మకారాన్ని చిటికెలో దాటించి, పళ్ల మధ్య వేలు పట్టేంత సందు ఉంచి, ఉకారాన్ని గుండ్రని పెదవులతో పట్టి నిలపమంటున్నాను. "అలా పాడితే ‘మో’ అయిపోతుంది కదండీ మేష్టారూ" అని ఒక పిన్నిగారు అభ్యంతరం చెప్పారు. ఆవిడను వెనక బెంచీలో కూర్చోబెట్టి మిగతావారిచేత పాడించాను. కాసేపు విని, "ఆయ్, ‘ము’ లాగే ఉందండి" అని ఒప్పుకుని తన వరుసలోకి వెళ్లారు.

ఊపిరి సంగతికి వస్తే, అందరూ ఒకేచోట గాలి తీసుకుని సమాసాన్ని నడిమికి విరగ్గొట్టడం మా పాత జబ్బు. పక్కపక్కన నిలబడిన ఇద్దరూ వేర్వేరు చోట్ల తీసుకోవాలని జతలు కుదిర్చాక అది చాలావరకు తగ్గింది.

గొంతు సిద్ధం చేసుకోవడానికి కొబ్బరిబొండాల బండి దగ్గర దొరికే స్ట్రాలే మాకు సాధనాలు. గ్లాసులో రెండంగుళాల నీళ్లు పోసి, స్ట్రా కొన ముంచి, బుడగలు తెగకుండా ‘ఊ’ అంటూ కింది నుంచి పైకి, పై నుంచి కిందికి జారుతూ పాడాలి. స్ట్రా వల్ల గాలికి ఎదురయ్యే ఒత్తిడి వెనక్కి తన్ని స్వరతంత్రులను తేలికగా కంపింపజేస్తుంది. స్ట్రా సాధనను బాగా ప్రచారం చేసిన వ్యక్తి ఇంగో టిట్జె అనే అమెరికా స్వర శాస్త్రజ్ఞుడు. బుడగలు ఆగిపోతే ఊపిరి తెగినట్టే కాబట్టి, నేను చెప్పకముందే ఎవరి తప్పు వారికి కనిపిస్తుంది. గొంతు మారుతున్న పదమూడు, పద్నాలుగేళ్ల మగపిల్లలను మాత్రం పై స్వరాల కోసం బలవంతపెట్టను.

చెవికి పని లేదని కాదు. పాలకొల్లులో చిన్నప్పుడు నేర్చుకున్న మాయామాళవగౌళ రాగపు సరళీ స్వరాలను తంబూర యాప్ మీద పాడిస్తే, అంతర గాంధారం, అంటే ఆ రాగంలోని ‘గ’, తనంతట తాను ఒకచోట కుదురుకుంటుంది. అర స్వరాన్ని నూరు భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక సెంటు; ఆ చోటు షడ్జమానికి, అంటే ‘స’కు, 386 సెంట్ల ఎత్తు. కీబోర్డు మీద మాత్రం అది 400. ఈ 14 సెంట్ల తేడాను బృందం ఒక్కసారి వింటే చాలు, ‘కలవడం’ అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. కీబోర్డు తోడున్నప్పుడు దాని గాంధారానికే పాడతాము, లేనప్పుడు తంబూర దానికి.

నాకు మింగుడుపడనిది స్పీకర్ బాక్సుల మోత. చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచి వైద్యుడు లోంబార్డ్ 1911లోనే రాశాడు. గొంతు బిగిస్తే శ్రుతి నిలవదు, పక్కవారి గొంతు వినిపించదు. సాధనలో మైకులు కట్టేయించాను. ఆదివారం ఆరాధనలో నా మాట సాగడం లేదు.

మొన్న శనివారం రెండో చరణం తరువాత నేనే కావాలని కీబోర్డు ప్లగ్గు పీకించి, చివరి పల్లవి దగ్గర మళ్లీ పెట్టించాను. తేడా వినిపించింది, కానీ అర స్వరం కాదు. ఫోనులో చూస్తే సుమారు 15 సెంట్లు. మిగిలిన ఆ కాస్తా ఆల్టో వరుసలోనే, అంటే కింది స్వరాలు పాడే ఆడవారి వరుసలోనే, ఉన్నట్టుంది, ఈ వారం వారిని అరగంట ముందు రమ్మన్నాను.