క్లెమెంటైన్ ఊరు రెండు చోట్ల

‘మై డార్లింగ్ క్లెమెంటైన్’ (1946)లో మార్షల్ (ఊరి పోలీసు అధికారి) వయట్ ఎర్ప్ వేషం వేసిన హెన్రీ ఫోండా, వరండాలో కుర్చీని వెనక్కి వాల్చి, ఎదుటి స్తంభానికి కాళ్లు మార్చి మార్చి తన్నిపెడుతూ ఉంటాడు. ఆ వరండా వెతుక్కుంటూ అమెరికాలోని అరిజోనా రాష్ట్రానికి వెళ్తే రెండు చోట్లు తిరగాలి. కథ జరిగిన టూంబ్‌స్టోన్ దక్షిణాన, మెక్సికో సరిహద్దు దగ్గర. జాన్ ఫోర్డ్ సినిమా తీసిన మాన్యుమెంట్ వ్యాలీ ఉత్తరాన, యూటా సరిహద్దు మీద. మధ్య దూరం సుమారు 500 మైళ్లు. మేం దక్షిణం నుంచి మొదలుపెట్టాం. ముందు నిజం చూసేస్తే, ఫోర్డ్ ఎంత ధీమాగా అబద్ధమాడాడో తర్వాత తెలుస్తుంది.

టూంబ్‌స్టోన్ టూసాన్ నగరం నుంచి డెబ్బై మైళ్ల పైచిలుకు. ఐ-10 హైవే మీద బెన్సన్ దాకా వెళ్లి, అక్కడ 80వ నంబరు రోడ్డు పట్టుకోవాలి. ఊరి పొలిమేరలోనే బూట్‌హిల్ శ్మశానం వస్తుంది. దాన్ని వెళ్లేటప్పుడే చూసేయండి, మళ్లీ వెనక్కి రానక్కర్లేదు. ఊళ్లో జనమంతా ఆలెన్ స్ట్రీట్‌లోనే ఉంటారు: చెక్క నడవాలు, గుర్రబ్బళ్లు, కార్లకు ప్రవేశం లేదు. ఈ ఊరికి పేరు తెచ్చిన ‘ఓకే కొరాల్’ కాల్పులను నటించి చూపే ప్రదర్శనకు వేళలు ఉంటాయి కాబట్టి దిగగానే టికెట్ తీసుకుని, ఆ మధ్య సమయంలో 1882 నాటి కోర్టు భవనం చూసి రావచ్చు.

కొరాల్ అంటే గుర్రాల దొడ్డి. అసలు కాల్పులు ఆ దొడ్డిలో జరగలేదు. దాని వెనక గేటు దాటి కొంచెం పడమరగా, ఫ్రీమాంట్ స్ట్రీట్ వైపు, ఫ్లై ఫొటో స్టూడియో పక్కనున్న ఖాళీ జాగాలో జరిగాయి. వెడల్పు పదిహేను, ఇరవై అడుగులు, మూడు బారలనుకోండి. 1881 అక్టోబరు 26 మధ్యాహ్నం మూడు గంటల వేళ, ఆ సందులోనూ దాని మొగలోనూ ఎర్ప్‌ల పక్షం, క్లాంటన్-మెక్‌లారీల పక్షం కలిపి తొమ్మిది మంది, రెండు గుర్రాలు. అర నిమిషంలో ముప్పై దాకా తూటాలు. మెక్‌లారీ అన్నదమ్ములిద్దరూ, బిల్లీ క్లాంటన్ చచ్చిపోయారు. గొడవ ముదిరింది ఊళ్లో ఆయుధాలు పట్టుకు తిరగకూడదన్న మునిసిపల్ నిబంధన దగ్గర. అప్పుడు ఊరి మార్షల్ వయట్ కాదు, అన్న వర్జిల్.

సినిమాలో ఇదంతా తెల్లవారుజామున, విశాలమైన ఆవరణలో, దుమ్ము తెరల మధ్య జరుగుతుంది. బిల్లీ తండ్రి ముసలి క్లాంటన్ అక్కడ ప్రధాన ప్రతినాయకుడు; నిజానికి ఆయన ఆ ఆగస్టులోనే పోయాడు. ఎర్ప్‌ల తరఫున నిలిచిన డాక్ హాలిడే, సినిమాలోలా శస్త్రవైద్యుడు కాదు, పళ్ల డాక్టరు. తూటాకు కాదు, 1887లో కొలరాడోలో క్షయకు పోయాడు. కాల్పులు ఎలా జరిగాయో ఎర్పే తనకు స్వయంగా చెప్పాడని ఫోర్డ్ అనేవాడు. చెప్పే ఉండొచ్చు, విన్నవాడు సినిమావాడు మరి.

ఉత్తరాన మాన్యుమెంట్ వ్యాలీకి ప్రయాణం ఒక పూర్తి రోజు: ఫ్లాగ్‌స్టాఫ్, తర్వాత కయెంటా. పెట్రోలు కయెంటాలో నింపుకోండి, అక్కణ్నుంచి ఇంకో ఇరవై నాలుగు మైళ్లు. ఎక్కువమంది బోల్తాపడేది గడియారం దగ్గర. అరిజోనా వేసవిలో గడియారం మార్చదు, వ్యాలీ ఉన్న నవాహో నేషన్ (నవాహో ఆదివాసుల స్వపరిపాలన ప్రాంతం) మారుస్తుంది. కాబట్టి మార్చి నుంచి నవంబరు దాకా వ్యాలీ టైము ఫీనిక్స్ కన్నా గంట ముందుంటుంది. గైడ్ టూరు బుక్ చేసుకుని, ఫోన్ చూపించిన టైము నమ్మి, జీపు వెళ్లిపోయాక వచ్చేవాళ్లున్నారు. నేషనల్ పార్కుల వార్షిక పాస్ ఇక్కడ చెల్లదు, ఇది నవాహోల సొంత పార్కు. మద్యం, డ్రోన్లు నిషిద్ధం.

లోపలి రోడ్డు 17 మైళ్ల మట్టి దారి, రెండు మూడు గంటలు పడుతుంది. మొదట్లోనే గతుకుల దిగుడు. అడుగుభాగం నేలకు మరీ దగ్గరగా ఉన్న కారు అక్కడే రాయికి తగులుతుంది. ఎండలో ఇసుక, వానలో జారుడు మట్టి. అద్దె కారు కాగితాల్లో మట్టి రోడ్ల గురించి ఏం రాసుందో ముందే చదువుకోండి. వ్యాలీలోని రాతి గుట్టలు నిటారుగా నిలబడటానికి కారణం వాటి పొరల్లో ఉంది: పైన గట్టి టోపీ రాయి, మధ్యలో నిలువునా చీలే ఇసుకరాయి, కింద తేలిగ్గా అరిగే మెత్తని రాయి. అడుగు అరిగేకొద్దీ పైది పలకలుగా విరిగిపడుతుంది.

ఫోర్డ్ వేయించిన టూంబ్‌స్టోన్ సెట్టుకు ఇప్పుడు ఆనవాలు లేదు. సినిమాలో కనిపించే నిలువెత్తు సాగువారో కాక్టస్‌లూ ఉండవు. ఈ నేల మీద అవి పెరగవు, షూటింగుకు తెచ్చి పాతారు. చేతి తొడుగుల్లా కనిపించే మిట్టెన్ గుట్టలు విజిటర్ సెంటర్‌కు తూర్పున ఉంటాయి కాబట్టి ఉదయం నల్లటి నీడల్లా, సాయంత్రం ఎర్రగా కనిపిస్తాయి. సినిమా చూపు కావాలంటే సాయంత్రం తీసిన ఫొటోను నలుపు తెలుపులోకి మార్చి ఎర్ర ఫిల్టర్ పెట్టండి: రాయి తెల్లబడి, నీలాకాశం నల్లబడుతుంది.