కొంపల్లిలో ఇంటిల్లిపాదీ కలిసి తినగలిగే హోటల్ కోసం వెతుకులాట: నా అనుభవం

హైదరాబాద్ ఉత్తర శివారు కొంపల్లిలో హోటళ్లకు కొదవ లేదు. సుచిత్ర కూడలి దాటింది మొదలు మేడ్చల్ వరకు రహదారికి రెండు వైపులా బిర్యానీ హోటళ్లు, మండీ (మాంసంతో వండే అరబ్బు అన్నం) హోటళ్లు, ధాబాలు, చైనా వంటకాల దుకాణాలు, టిఫిన్ సెంటర్లు వరుసగా కనిపిస్తూనే ఉంటాయి. అయినా మోకాళ్ల నొప్పులు, మధుమేహం ఉన్న శాకాహారి అయిన మా అత్తయ్య, నాలుగో తరగతి చదువుతున్న మా అమ్మాయి, ఇంకా రెండేళ్లు నిండని బాబు, మాంసాహారమంటే ప్రాణం పెట్టే మావారు, నేను కలిసి ఒకే బల్ల దగ్గర గంటసేపు నిమ్మళంగా కూర్చుని తినగలిగే చోట్లు దొరకడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. ఇంతకుముందు నగరం నడుమ చిక్కడపల్లిలో ఉన్నన్నాళ్లూ ఈ వెతుకులాట అవసరమే రాలేదు. అక్కడ ఏ హోటల్లో ఏది బాగుంటుందో, ఏ వేళకు వెళ్తే చోటు దొరుకుతుందో మా మామయ్య కాలం నుండే ఇంట్లో అందరికీ తెలుసు. శివారు ప్రాంతంలో అలాంటి తరాల ఎరుక ఉండదు కనుక, దాన్ని మొదటి నుండి మనమే సంపాదించుకోవాలి.

ఇక్కడి హోటళ్ల తీరు అర్థం కావాలంటే ముందు ఈ రోడ్డు సంగతి తెలియాలి. ఇది శ్రీనగర్ నుండి కన్యాకుమారి వరకు సాగే 44వ నంబరు జాతీయ రహదారి. పాతవాళ్లు ఇప్పటికీ ఏడో నంబరు రోడ్డనే అంటారు. నాగపూర్ వైపు వెళ్లే లారీల కోసం, ఊరు దాటి సరదాగా తిని రావాలనుకునే స్నేహితుల బృందాల కోసం ఇక్కడ ధాబాలు, తోట హోటళ్లు వెలిశాయి. అపార్ట్‌మెంట్లు, విల్లాలు, వాటితో పాటు ముసలివాళ్లూ పసిపిల్లలూ ఉన్న సంసారాలు ఆ తరువాత వచ్చి చేరాయి. చాలా హోటళ్లు బోర్డు మీద ఫ్యామిలీ రెస్టారెంట్ అని రాయించుకున్నా, వాటి నడక మాత్రం పాత గిరాకీకి తగినట్టుగానే ఉంది. పాటల చప్పుడు ఎక్కువ, వెలుతురు తక్కువ, కింద బార్, పైన భోజనశాల, ఆ పైకి వెళ్లడానికి ఇరుకైన మెట్లు. ఎవరినీ తప్పు పట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఎవరి వ్యాపారం వారిది. అయితే మనకు కావలసింది వేరని తెలుసుకుని వెతకడం మన పని.

మా విషయంలో అన్నిటికన్నా పెద్ద సమస్య రుచి కాదు, వేచి ఉండే సమయం. అత్తయ్య భోజనానికి సుమారు అరగంట ముందు ఇన్సులిన్ తీసుకోవాలి. ఇంజెక్షన్ వేసుకున్నాక అన్నం రావడం ఆలస్యమైతే రక్తంలో చక్కెర పడిపోయి చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి. బయట టోకెన్ తీసుకుని ముప్పావుగంట నిలబడి, లోపల కూర్చున్నాక ఇంకో ముప్పావుగంట ఎదురుచూడటం ఆమెకు కేవలం అసౌకర్యం కాదు, ప్రమాదం. బాబు సంగతీ ఇంచుమించు అంతే. ఆకలి వేళ దాటితే వాడు తినడు, ఇంకెవరినీ తిననివ్వడు. అందుకే ఒక హోటల్‌కు వెళ్తే కూర్చున్న తరువాత మొదటి ముద్ద అన్నం ఎంతసేపటికి వస్తుందన్నదే నేను ముందుగా చూసే విషయమైంది.

అన్ని రకాల వంటకాలూ దొరికే పెద్ద రెస్టారెంట్లలో ఇది తేలికగా కుదిరే పని కాదు. అక్కడ ముందు సూపు, తరువాత స్టార్టర్స్, ఆ పళ్లాలు తీశాక మళ్లీ ఆర్డరు, అప్పుడు పొయ్యి మీదికి కూర. పిల్లలు ఈలోగా వేయించిన ఆలుగడ్డ ముక్కలతో కడుపు నింపేసుకుంటారు, పెద్దవాళ్లు వన్ బై టూ సూపు తాగి గోడ గడియారం వైపు చూస్తూ కూర్చుంటారు. మీల్స్ పెట్టే హోటళ్లలో అన్నం, పప్పు, కూర, చారు వండి సిద్ధంగా ఉంటాయి కనుక విస్తరి వేసిన కొద్ది నిమిషాల్లోనే భోజనం మొదలవుతుంది. అందువల్ల మధ్యాహ్నం మీల్స్ కూడా పెట్టి, మాంసాహారం విడిగా ఆర్డరు తీసుకునే హోటళ్లను మాత్రమే ఒక చీటీ మీద రాసుకోవడం మొదలుపెట్టాను. వెతకవలసిన జాబితా దానితోనే సగానికి పైగా తగ్గింది.

ఫోన్ యాప్‌లలో ఉండే చుక్కల లెక్కను నేను పెద్దగా పట్టించుకోలేదు. ఆ మార్కుల్లో చాలా భాగం పార్సిల్ బిర్యానీ తెప్పించుకున్నవాళ్లు వేసినవి. వాళ్లకు మెట్లతోనూ మరుగుదొడ్డితోనూ పని ఉండదు. అయితే తిన్నవాళ్లు పెట్టిన ఫొటోలు మాత్రం ఎంతో ఉపయోగపడ్డాయి. వంటకం ఫొటో వెనక కనిపించే కుర్చీ ఎలాంటిది, బల్లల మధ్య ఎంత ఎడం ఉంది, పక్క బల్లల దగ్గర పిల్లలున్నారా, లేక అందరూ కుర్రవాళ్లేనా అన్నది అందులో తెలిసిపోతుంది. మెత్తటి సోఫాలు చూడటానికి బాగుంటాయి గాని, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఒకసారి అందులో కూరుకుపోతే లేవడానికి ఇద్దరి సాయం కావాలి. చేతులున్న గట్టి చెక్క కుర్చీ ఉన్న హోటలే నాకు మంచి హోటల్.

మనుషులను అడిగి తెలుసుకున్నదే ఎక్కువ నిలబడింది. అయితే మంచి హోటల్ ఏదని అడిగితే ప్రతివారూ బిర్యానీ పేరే చెబుతారు. మా అపార్ట్‌మెంట్‌లో వాకర్ సాయంతో నడిచే తల్లి ఉన్న ఒకావిడను మీరు అమ్మగారిని ఎక్కడికి తీసుకెళ్తారని అడిగాను. ఆవిడ చెప్పిన రెండు చోట్లూ మా చీటీలో చివరి వరకు మిగిలాయి. మనలాంటి ఇబ్బందే ఉన్నవాళ్లు చెప్పిన మాటకు ఉన్న విలువ వేరు.

ఆ తరువాత ఫోన్ చేయడం. భోజనాల వేళ కాకుండా ఉదయం పదకొండింటికి గాని, మధ్యాహ్నం మూడున్నరకు గాని చేస్తే తీరికగా మాట్లాడతారు. లిఫ్ట్ ఉందా, శాకాహారానికి వేరే పొయ్యి, వేరే పెనం వాడతారా, ఆదివారం ఏ వేళకు వెయిటింగ్ మొదలవుతుంది, పసిపిల్లవాడికి కారం లేకుండా ముద్దపప్పు అన్నం ఇస్తారా అని అడిగేదాన్ని. జవాబు ఏమిటన్నది ఎంత ముఖ్యమో, ఎలా చెప్పారన్నదీ అంతే ముఖ్యం. ఒకచోట ఫోన్ ఎత్తిన అబ్బాయి, ‘అన్నీ ఉన్నాయి మేడమ్, వచ్చేయండి’ అన్నాడు. ఇంకోచోట పెద్దమనిషి, ‘లిఫ్ట్ లేదమ్మా, కాని కిందే ఆరు బల్లలు ఉన్నాయి, పన్నెండున్నర లోపు వస్తే కింద వేయిస్తాను’ అన్నారు. లేనిదాన్ని లేదని చెప్పినవారి మాట మీదే నాకు గురి కుదిరింది.

చివరి వడపోత నేనొక్కదాన్నే పనిరోజు మధ్యాహ్నం వెళ్లి చూడటం. ఒక సాదా భోజనం చేసి, చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడు చూడవలసినవన్నీ చూసేదాన్ని. మరుగుదొడ్డి కింది అంతస్తులోనే ఉందా, పాశ్చాత్య పద్ధతిది ఉందా, నేల తడిగా ఉందా అన్నది అత్తయ్య కోసం. బాబు కోసం బేబీ చైర్ తెప్పించి దాని పట్టీని విప్పి చూసేదాన్ని. పైకి చూస్తే పళ్లెం తుడిచి తళతళలాడుతూ ఉంటుంది. పట్టీ కుట్టు సందుల్లో ఎప్పటిదో అన్నం మెతుకు ఎండి, రాయిలా గట్టిపడి ఉంటుంది. కొన్నిచోట్ల పట్టీయే ఉండదు. ఇలా చూస్తానని మొదట మావారు మొహమాటపడ్డారు గాని, వాడు ఆ పట్టీని నోట్లో పెట్టుకుంటాడని చెప్పాక ఆయనే ముందుగా చూడటం మొదలుపెట్టారు.

ఇంకో రెండు సంగతులు గోడ మీద, బిల్లు మీద చూడాలి. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు కనిపించేలా ప్రదర్శించాలి. 2022 జనవరి 1 నుండి దాన్ని బిల్లు మీద కూడా ముద్రించడం తప్పనిసరి. ఒక హోటల్లో గోడ మీది నంబరుకూ బిల్లు మీది నంబరుకూ పొంతన లేకపోవడం చూసి ఆ పేరు కొట్టేశాను. నూనె విషయంలోనూ నిబంధన ఉంది: పదేపదే కాచిన నూనెలో పోలార్ పదార్థాలు (నూనె కాగేకొద్దీ అందులో పెరిగే చెడు పదార్థాలు) 25 శాతం మించకూడదు. తినడానికి వెళ్లినవాళ్లం దాన్ని కొలవలేము గాని, పూరీ అంచు నల్లబడి, కొరికాక గొంతులో గీరుకున్నట్టు అనిపిస్తే ఆ చోటికి పిల్లలను తీసుకెళ్లకపోవడం మన చేతిలో ఉంది.

మా అమ్మాయికి మండీ అంటే ఎంతో ఇష్టం. యెమెన్ నుండి వచ్చిన ఈ వంటకం అరబ్బు సంతతివారు నివసించే బార్కస్‌లో పేరు తెచ్చుకుని, అక్కడి నుండి నగరమంతా, చివరికి మా శివార్ల వరకు పాకింది. పెద్ద పళ్లెం చుట్టూ అందరూ కలిసి తినడం పిల్లలకు పండగే. కాని చాలాచోట్ల కింద పరుపుల మీద కూర్చోవాలి. అత్తయ్యకు అది సాధ్యం కాదు, పైగా ఆమె తినగలిగేది అక్కడ ఏమీ ఉండదు. మండీతో ఇచ్చే మయోనైజ్ గురించి కూడా నేను ప్రత్యేకంగా అడుగుతాను. పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30న ఏడాది పాటు నిషేధించింది. పచ్చి గుడ్డుతో వచ్చే జబ్బులు గడువు చూసుకుని రావు కనుక, గుడ్డు లేకుండా చేస్తున్నామని స్పష్టంగా చెప్పని చోట మా పిల్లల పళ్లెంలో దాన్ని వేయనివ్వను. మండీకి మావారూ అమ్మాయీ ఇద్దరే వెళ్లి వస్తారు. అన్ని సరదాలూ అందరూ కలిసే తీర్చుకోవాలన్న పట్టుదల మేము వదులుకున్నాము.

ఒకచోట భోజనం బాగానే ఉంది గాని, బిల్లులో 5 శాతం జీఎస్టీతో పాటు 10 శాతం సర్వీస్ చార్జి కూడా వేశారు. అడిగితే అది మా పద్ధతి అన్నారు. సర్వీస్ చార్జిని అడగకుండా బిల్లులో కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చిందని, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించిందని నెమ్మదిగా చెప్పాను. మేనేజరు కాసేపు వాదించి, వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేస్తానన్నాక తీసేశారు. డబ్బు పెద్దది కాదు. కాని పిల్లలతో, పెద్దావిడతో వెళ్లినవాళ్లు గొడవ ఎందుకులే అని ఇచ్చేస్తారన్న లెక్క మీద నడిచే హోటల్‌కు మళ్లీ వెళ్లబుద్ధి కాలేదు.

చివరికి మిగిలినవి మూడు. వాటిలో మేము ఎక్కువగా వెళ్లేది సర్వీస్ రోడ్డు నుండి కొంచెం లోపలికి ఉన్న ఒక చిన్న మీల్స్ హోటల్. మొదటిసారి అందరం వెళ్లినప్పుడు వడ్డన చూసుకునే క్యాప్టెన్‌కు అత్తయ్య ఇన్సులిన్ సంగతి చెప్పాను. ఆయన వంటింట్లోకి వెళ్లి చూసి వచ్చి, ‘పెద్దమ్మా, పప్పూ అన్నమూ తయారుగా ఉన్నాయి. మీరు సూది వేసుకుని టైము చెప్పండి, సరిగ్గా ఆ వేళకు వడ్డిస్తాను’ అన్నారు. అన్నట్టే జొన్నరొట్టె, ఆకుకూర పప్పు, వంకాయ కూర ఆమెకు ముందు వచ్చాయి. అన్నం తక్కువ పెట్టమని చెప్పనక్కర లేకుండానే గరిటెడు పెట్టి ఆగారు. బాబుకు చిన్న గిన్నెలో ముద్దపప్పు, నెయ్యి, మెత్తగా పిసికిన అన్నం. మావారికి రాగి సంగటి, నాటుకోడి పులుసు అందరికన్నా ఆలస్యంగా వచ్చాయి. దానికి ఆయనకూ అభ్యంతరం లేదు, మాకూ లేదు. ఆ రోజు అత్తయ్య చాలాకాలం తరువాత బయట మజ్జిగ పోసుకుని, మజ్జిగ మిరపకాయ నంజుకుని తీరిగ్గా భోజనం ముగించారు.

వెళ్లే వేళ విషయంలో మాత్రం పట్టుగా ఉండాలి. ఆదివారం పన్నెండుంపావుకల్లా కూర్చుంటే ఒంటిగంటన్నర రద్దీకి ముందే తిని లేచిపోవచ్చు. రహదారి అవతలి వైపున్న హోటల్ దగ్గరగా కనిపించినా యూటర్న్ కోసం చాలా దూరం పోవలసి వస్తుంది. ఫ్లైఓవర్ పనులు మొదలైనప్పటి నుండి అది ఇంకా కష్టమైంది. అందుకే మేము మా వైపున్నవాటికే మొగ్గు చూపుతున్నాము. సెల్లార్ పార్కింగ్ ఉన్నచోట ముందు అత్తయ్యను గుమ్మం దగ్గర దింపి, తరువాత కారు కిందికి తీసుకెళ్తాము.

ఇంకా తీరని లోటు ఒకటుంది. బాబుకు డైపర్ మార్చడానికి ఈ మూడింటిలో ఎక్కడా చోటు లేదు. ఇప్పటికీ కారు వెనక సీటే గతి. మీల్స్ హోటల్ యజమానిని ఈ విషయమై అడిగాను. మహిళల గదిలో గోడకు మడిచి పెట్టుకునే బల్ల ఒకటి బిగించడానికి ఎంత స్థలం కావాలో కొలిచి చెప్పమన్నారు. కొలతలు రాసి ఇచ్చి వచ్చాను.