లీడ్స్‌లో ఒక బట్టల గోదాము

పని మీద ఇంగ్లండ్‌లోని లీడ్స్ వెళ్లినప్పుడు పార్క్ స్క్వేర్‌లో సెయింట్ పాల్స్ హౌస్ చూశాను. చుట్టూ బుద్ధిగా వరస కట్టిన జార్జియన్ (పద్దెనిమిదో శతాబ్దపు బ్రిటిష్ శైలి) ఇటుక ఇళ్లు. వాటి మధ్య మూరిష్ (స్పెయిన్, ఉత్తర ఆఫ్రికా ముస్లిం కట్టడాల శైలి) తోరణాలతో, పైన మినార్లతో ఇదొక్కటీ! హైదరాబాద్‌లో పెరిగిన నా కళ్లు అక్కడే అతుక్కుపోయాయి.

1878లో రెడీమేడ్ బట్టల వ్యాపారి జాన్ బారన్ కోసం ఆర్కిటెక్ట్ థామస్ ఆంబ్లర్ గీసిన డిజైన్ ఇది. సరుకు గోదాము, గుడ్డ కత్తిరించే కర్మాగారం రెండూ ఇందులోనే. చెక్క కోసే బ్యాండ్ రంపం చూసి, పొరలు పొరలుగా పరిచిన గుడ్డను ఒకేసారి కోసే పద్ధతి తెచ్చింది ఈ బారనే.

దగ్గరికెళ్తే అసలు పనితనం టెర్రకోటాలో కనిపిస్తుంది. డౌల్టన్ అనే పింగాణీ కంపెనీ వాళ్లు అచ్చుపోసి కాల్చిన మట్టి. అన్నేళ్ల మసి, వాన తిన్నా నగిషీ అంచులు ఇంకా తెలుస్తున్నాయి. గుడ్డలు దాచుకునే చోటుకి ఇంత సోకు చేశారంటే ఆ వ్యాపారి మీద గౌరవం కలిగింది.

1970ల్లో ఆఫీసులుగా మార్చినప్పుడు లోపలంతా కొత్తగా కట్టేశారు. ఇప్పుడున్న మినార్లు కూడా ఫైబర్‌గ్లాస్‌వే. ఆ పాత హాళ్లు పోయాయంటే బాధే. అయినా మొత్తం కూల్చేసి అద్దాల డబ్బా నిలబెట్టలేదు, అది చాలు నాకు.

లీడ్స్ వెళ్తే చూడండి, స్టేషన్ నుంచి నడిచి వెళ్లిపోవచ్చు.